అకోన్

మా అక్క నిద్రలో అరుస్తుంది.
"అకోన్! అకోన్!"
ఇద్దరికీ ఒకే చాప. గోడవైపు నేను, గుమ్మంవైపు తను.
ఆ కేకకి పక్కింటి కుక్క లేస్తుంది.
నాన్న మాత్రం అటునుంచి ఇటు తిరిగి
"బంతి వచ్చింది కాబోలు" అని, మళ్ళీ గుర్రు.

అకోన్ అంటే మా హిలిగయ్‌నోన్‌లో 'నాది' అని.
గాల్లో ఉన్న బంతి ఎవరిదో
నేలకి తెలిసేలోపు ఎవరో ఒకరు చెప్పెయ్యాలి.
తను లిబెరో.
జట్టంతా నీలం వేసుకుంటే తనొక్కతే పసుప్పచ్చ,
ఒకరి పెళ్ళికని బయల్దేరి ఇంకొకరి పెళ్ళిలో కూర్చున్నట్టు.
ఎగిరి కొట్టే హక్కు లేదు.
అవతలివాళ్ళు కొట్టింది నేలని తాకకుండా ఎత్తిపెట్టడం, అంతే.
మోకాళ్ళ మీద మచ్చలు చూసి అమ్మమ్మ
"చర్చిలో కూడా ఇంత మోకరిల్లలేదు ఇది" అంటుంది.

తెల్లారి అయిదింటి పడవకి
గిమరాస్ నుంచి ఇలోయిలో కాలేజీకి.
పదిహేను నిమిషాల సముద్రం.
ఒళ్ళో అకౌంటెన్సీ పుస్తకం, దాని మీద ప్లాస్టిక్ కవరు,
కవరు మీద ఉప్పునీళ్ళు.
తరుగుదల లెక్కలు చేస్తుంది:
యంత్రం ఏటా ఎంత అరుగుతుందో,
ఎన్నేళ్ళకి దాని విలువ సున్నా అవుతుందో.
మా నాన్న పడవ ఇంజను ఆ సూత్రానికి లొంగలేదు.
సున్నా దాటి ఆరేళ్ళయింది, దగ్గుతూనే ఉంది.

సాయంత్రం ప్రాక్టీసు, ఆఖరి పడవ,
రాగానే ఎండుచేపల బల్ల.
అమ్మ పొట్టలు చీలుస్తుంది, ఉప్పు నాది,
అక్కది అప్పుల పుస్తకం.
ఎవరెంత బాకీయో తనకి కంఠతా వచ్చు,
ఎవర్ని అడక్కూడదో కూడా.
ఇంట్లో తను ఆ మాట అనగా నేను వినలేదు.
ఫ్యాను ఎటు తిరిగుంటే అటే ఉండనిస్తుంది.
చేప నడిముక్క తమ్ముడికి.
దుప్పటి చాలకపోతే బయట ఉండే కాళ్ళు తనవే.

సెమీఫైనల్ రోజు మొదటిసారి నేనూ వెళ్ళాను.
పొద్దున పరీక్ష, మూడింటికి ఆట.
ముందురాత్రే రెండు బుట్టల చేప వచ్చి పడింది,
పాడయ్యేలోపు ఉప్పెయ్యాలి కదా, ఎవరు పడుకున్నారు గనక.
ఆఖరి సెట్టు. వాళ్ళకి పద్నాలుగు, మాకు పదమూడు.
బంతి మెల్లగా వచ్చింది. అదీ బాధ.
మా తమ్ముడు పట్టే బంతి.
అక్కకీ, జోవిలిన్ అనే పొడుగు పిల్లకీ మధ్య పడింది.
ఇద్దరూ చూశారు.
ఎవరూ అరవలేదు.
అంత గోల హాల్లో
నాకు వినిపించింది ఆ అరవకపోవడమే.

తిరుగు పడవలో ఏం మాట్లాడాలో తెలీక
ఎండు మామిడి ముక్కలు కొనిచ్చాను. తీసుకుంది. నమిలింది.
"తనంటుందనుకున్నా" అంది.
కాసేపాగి, "నిన్న రాత్రి కాస్త..." అని మొదలుపెట్టి
గాలికి కళ్ళు మూసుకుంది.

ఇల్లు చేరేసరికి బల్ల మీద మళ్ళీ తట్టలు.
ఇంట్లో బల్బు ఉన్నది ఆ బల్లకి పైనే.
అక్క బూట్లు విప్పలేదు, సంచీ దించలేదు.
రెండు చేతులతో తట్టల్ని పక్కకి జరిపి
"అకోన్" అంది.
కేక కాదు. ఆ ఉప్పు ఇలా అందుకో అన్నట్టే.
"పదింటిదాకా."

అమ్మ కత్తి ఆగింది.
తమ్ముడు నవ్వబోయి నా మొహం చూసి మానేశాడు.
నాన్న గొంతు సవరించుకుని, ఏమీ అనలేదు.
అమ్మే లేచింది, నడుం పట్టుకుని.
గోనెపట్టా పరిచి తట్టలు నేలకి దించుకుంది.
దాని గొణుగుడు పదింటిదాకా సాగింది.
బల్ల మాత్రం కదల్లేదు.
పేజీకి చేపపొలుసొకటి అతుక్కుని ఉంటే
దాన్ని తియ్యకుండానే పక్కన లెక్క చేసుకుపోయింది అక్క.

ఆ రాత్రి తను అరవలేదు. కుక్కా పడుకుంది.
నాకే నిద్ర పట్టలేదు.
గోడవైపు తిరిగి, చప్పుడు కాకుండా పెదాలు కదిపి చూశాను
ఆ మాట నా నోట్లో పడుతుందా అని.
పట్టింది.
దేన్ని చూసి అనాలో
ఇంకా తెలీదు.